బర్రెకు తెలియని బేస్తవారం

మొన్న సోమవారం పొద్దున మా అమ్మాయి నా ఫోనులో ఒక టమాటను పెట్టి ఇచ్చింది. నిజం టమాట కాదు, బొమ్మ. ఇరవై అయిదు నిమిషాలు వంచిన తల ఎత్తకుండా పని చేయాలట, అప్పుడు ఆ టమాట టింగుమంటుందట, అయిదు నిమిషాలు ఒళ్లు విరుచుకోవాలట, మళ్లీ ఇరవై అయిదు నిమిషాలట. శనివారం దాకా అట్లా చేసుకుంటూ పోతే కరీంనగర్ మొత్తంలో నా అంత పనిమంతుడు ఉండడని ఆమె ధీమా. తను ఇంట్లోనే కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పని చేస్తుంది కనుక వారాన్ని ముక్కలు కోసుకోవడంలో ఆరితేరింది. నేనేమో పశువుల దవాఖానల్లో ముప్పై ఏళ్లు తిరిగి తిరిగి చివరికి ఒక ఆఫీసు కుర్చీకి చిక్కినవాణ్ణి. శనివారం సాయంత్రానికి పంపాల్సిన నివేదిక నాకు సోమవారం నుంచే కలలోకి వస్తుంది, అయినా శనివారానికి తయారు కాదు. మొదటి టమాట పండేలోగా నేను పదకొండు సార్లు లేచాను. నీళ్లకు ఒకసారి, ఫ్యాను తిరుగుతున్నదా లేదా చూడడానికి ఒకసారి, తిరుగుతున్నదని నిర్ధారించుకున్నాక ఎందుకు తిరుగుతున్నదో ఆలోచించడానికి ఒకసారి. అది టింగుమనే సమయానికి గేటు బయట నిలబడి కూరగాయల బండివాడితో బెండకాయల భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నాను. «ఆయనను కూసోబెట్టుడు ఆ టమాటతోని అయితదా, గిన్నేండ్ల సంది నాతోనే కాలే» అని మా ఇంటామె వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

మా అమ్మాయికి చెప్పలేదు గానీ నాకు లోపల నవ్వు వచ్చింది. మన ఈడు వాళ్లు కనుక మీతో చెప్పుకుంటున్నాను, వారాన్ని ముక్కలు కోసే కత్తిని ఈ దిక్కున మొట్టమొదట పట్టింది నేనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. లక్సెట్టిపేట అవతల, గోదావరి దిక్కు ఉన్న ఒక ఊళ్లో మొదటి ఉద్యోగం. ఒక గది, గది ముందు పశువును నిలబెట్టడానికి కట్టెలతో చేసిన చట్రం, గది లోపల కడుపు పెద్దదైన ఒక అల్యూమినియం క్యాను, ఆ మూడింటికీ కలిపి నేను. కాగితం మీద సహాయకుణ్ణి, ఊళ్లో మాత్రం పసుల డాక్టర్ని. ఆరు ఊర్ల బర్రెలకు, ఆవులకు ఎదకు వచ్చినప్పుడు కట్టు సూది వేయడం నా పని. అది నిజానికి సూది కాదు, సన్నని గొట్టం. జాతి దున్నల బీజాన్ని పుల్లల్లాంటి గొట్టాల్లో నింపి, క్యానులో ఉండే ద్రవ నత్రజనిలో ముంచి ఉంచుతారు. ఆ చలికి అది ఏళ్ల తరబడి బతికి ఉంటుంది, నత్రజని ఆవిరైపోయిన పూటే చచ్చిపోతుంది. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయాలి, ఇదొక్కటే మా శాస్త్రంలో గడియారం. ఆ పూట దాటిందా, మళ్లీ ఇరవై ఒక్క రోజులు బర్రె మొహం చూస్తూ కూర్చోవలసిందే.

నాకు కూర్చోవడం చేతకాదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ఉద్యోగంలో చేరిన నెలకే కూర్చోవలసిన అవసరం రాకుండా ఒక పట్టిక తయారు చేశాను. పాత క్యాలెండర్ల వెనక తెల్లని పేజీలు నాలుగు అంటించి, ఎర్ర సిరాతో వారాలు, నీలి సిరాతో గంటలు, పచ్చ సిరాతో నిమిషాలు రాశాను. పచ్చ సిరా పెద్ద అధికారులదయ్యా అని ఎవరో హెచ్చరిస్తే, నిమిషాలను ఏలేవాడు ఏ అధికారికి తక్కువ అనుకున్నాను. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఒక ఊరు, బేస్తవారం అన్నిటికంటే దూరాన అడవి అంచున ఉన్న ఊరు. సూదికి పన్నెండు నిమిషాలు, చాయ్‌కి నాలుగు, మాటలకు మూడు. రైళ్లు నడిపేవాళ్లు చూస్తే తమ పట్టికలు చింపుకుని నా దగ్గర శిష్యరికం చేసేవారు. దాని నకళ్లు ఆరు ఊర్ల పంచాయతీ గోడల మీద అంటించాను. అందరికంటే ముందు చదివిన ఒక ముసలాయన నా మోపెడ్ చప్పుడు వినగానే, «మూడు నిమిషాల డాక్టరొచ్చిండు, ఎవ్వలి ముచ్చట్లు వాళ్లు జల్ది చెప్పుకోండ్రి» అని వీధిలోకి వినబడేలా అనేవాడు. చాయ్ ఇచ్చిన ఇల్లాలు గ్లాసు చేతికిచ్చి పక్కనే నిలబడి, «నాలుగాయె, ఇగ దించు సారూ» అనేది. నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వుకు పట్టికలో గడి లేదు.

పట్టిక రాసేటప్పుడు అందరినీ అడిగాను, సర్పంచినీ, పాల కేంద్రం వాళ్లనీ, బస్సు డ్రైవర్నీ. బర్రెలను మాత్రం అడగలేదు.

నేను ఉండేది మా చిన్నమ్మ ఇంట్లో. మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఆమె భర్త, మా చిన్నబాపు, దుబాయిలో ఉండేవాడు, రెండేళ్లకు ఒకసారి వచ్చి పోయేవాడు. చిన్నమ్మ చీకటితో లేచి కొట్టం ఊడ్చి, బర్రెకు గడ్డి వేసి, వాకిలి చల్లి, నాకు సద్ది కట్టి, చేనుకు పోయి వచ్చి, మధ్యాహ్నం ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి, మళ్లీ బర్రె, మళ్లీ పొయ్యి, మధ్యలో ఎవరింట్లోనో పురుడంటే అక్కడికీ, ఎవరో గొడవ పడ్డారంటే అక్కడికీ పోయేది. ఇంట్లో గడియారం లేదు. «జర ఆగు కొడుకా, రెండు కట్టలయినంక కూర పొయ్యి మీద పెడత» అనేది. కట్ట అంటే బీడీల కట్ట. నేను అనుమానంతో నా చేతి గడియారం పెట్టి చాలాసార్లు సరిచూశాను. ఆమె రెండు కట్టలు ఎన్నడూ ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు, నా గడియారమే మధ్యలో రెండుసార్లు నిలిచిపోయింది. అయినా నేను వదలలేదు. ఒక రోజు ఆమె పనులన్నీ కాగితం మీద రాసి, వరస మార్చి, నీకు రోజుకు గంటన్నర మిగుల్తుంది చిన్నమ్మా అని చూపించాను. ఆమె చాట దించకుండానే అడిగింది, «ఆ గంటన్నరల ఏం జెయ్యాలె?» ఇంకా కొన్ని బీడీలు చుట్టవచ్చు అన్నాను. «అట్లయితే మిగిలిందేడిది?» అని మళ్లీ ఆకు కత్తిరించుకుంది. జవాబు కోసం నేను పట్టికంతా వెతికాను.

ఇక ఆ బర్రె సంగతి. అది ఉత్త బర్రె కాదు. మా చిన్నమ్మ పెళ్లిలో మా అమ్మమ్మ అరణంగా తోలిచ్చిన దూడకు మనవరాలు. మా అమ్మా చిన్నమ్మా చిన్నప్పుడు తాగిన పాలు ఆ వంశానివే కనుక, సరిగ్గా లెక్క కడితే అది నాకు చెల్లెలు వరస అవుతుంది. రెండు ఈతలు బాగానే ఈని, ఆ తరువాత ఏడాదిన్నరగా కట్టలేదు. బర్రెల్లో కొన్ని ఎదకు వస్తే ఊరంతా వినబడేలా అరుస్తాయి, ఇది మాత్రం గుట్టు మనిషి. నేను రెండుసార్లు సూది వేసినా నిలవలేదు. పాలివ్వని గొడ్డును మేపడమెందుకు, అమ్మేయుండ్రి అని దుబాయి నుంచి చిన్నబాపు ఉత్తరం రాశాడు. ఆ పని ఆయన తమ్ముడి మీద పడింది. చెడ్డవాడు కాదు, దానికి గడ్డి మోపులు దూరం నుంచి మోసుకొచ్చేది ఆయనే. «వదినె, ఇంకొక్కపారి సూస్తం. గీపారి తప్పిందంటే అంగడికే» అన్నాడు. వట్టిపోయిన బర్రె ఆదివారం అంగడికి పోతే ఎవరి చేతికి పోతుందో పసిపిల్లలకు కూడా తెలుసు, నోటితో మాత్రం ఎవరూ అనరు. ఆ రోజు నుంచి చిన్నమ్మ బీడీల చాట కొట్టంలోకి మార్చుకుని, బర్రె ఎదురుగా కూర్చుని చుట్టేది.

చలి పోయి ఎండలు మొదలైన ఒక బేస్తవారం తెల్లవారకముందే ఆమె నన్ను తట్టి లేపింది. «లే కొడుకా, బర్రె తీగేసింది. అరిసింది గూడ, ఒక్కపారే అరిసింది, నేనిన్న.» పోయి చూస్తే నిజమే, తోక కింద ఎద జిగురు తీగలా వేలాడుతున్నది. పొద్దున కనబడింది, అంటే సాయంత్రం వేయాలి. నేను కొట్టంలోంచి గదికి పోయి పట్టిక చూసి వచ్చాను. అడవి ఊరి నుంచి తిరిగి వచ్చాక అయిదున్నరకు పదిహేను నిమిషాల ఖాళీ ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ ఒంటికి వెచ్చగా తగులుతుంది. అయిదున్నరకు చట్రం దగ్గరికి తోలుకురమ్మన్నాను. అంటే ఏ యాళ్లకని అడిగితే, పసులు మేత నుంచి ఇంటికి మర్లే యాళ్లకని విడమరిచి చెప్పాను.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి మీకు చెప్పాలి. క్యానులో నత్రజని నింపించుకోవడానికి ప్రతి బుధవారం లక్సెట్టిపేట పోయేవాణ్ణి, రిపోర్టు ఇవ్వడానికి శుక్రవారం మళ్లీ పోయేవాణ్ణి. ఒకే దారి రెండుసార్లు తిరగడం మూర్ఖత్వమని ఆ వారమే కనిపెట్టి, రెండు పనులూ శుక్రవారానికి కలిపేశాను. రెండు గంటల పది నిమిషాలు మిగిలాయి. బుధవారం ఆ రెండు గంటల పది నిమిషాలను ఏం చేశానో ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు.

బేస్తవారం మధ్యాహ్నం అడవి ఊళ్లో ఒక ఆవు కోసం క్యాను మూత తీశాను. మామూలుగా మూత తీస్తే తెల్లని పొగ పొర్లుకుంటూ బయటికి వచ్చి కాళ్ల మీద పడుతుంది, పిల్లలు చూడడానికి వస్తారు. ఆ రోజు పప్పు డబ్బా మూత తీసినట్టు ఉంది. కొలత పుల్ల లోపలికి దించి తీస్తే దాని మీద మంచు గీత లేదు, పొడిగా, వెచ్చగా ఉంది. పాత క్యాను, కొత్త ఎండ, నా కొత్త తెలివి, మూడూ కలిసి లోపల ఉన్న సమస్తాన్నీ చంపేశాయి. ఆవు గలాయన లోపలికి తొంగి చూసి, «లోపట ఏం లేనట్టున్నది గద సారూ» అన్నాడు. అప్పటికి మాటలకు మూడు నిమిషాలు అయిపోయాయి కాబట్టి మోపెడ్ ఎక్కాను.

అక్కడి నుంచి లక్సెట్టిపేటకు నా మోపెడ్ పోయిన వేగానికి దారిలో కోళ్లు ఇప్పటికీ గుడ్లు సరిగ్గా పెట్టడం లేదని విన్నాను. దవాఖానలో మా డాక్టర్ సారు అన్నం తిని, చేయి కడుక్కుని, నెమ్మదిగా తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ నా కథంతా విన్నాడు. నత్రజని బండి మర్నాడు గానీ రాదు. పెద్ద క్యాను అడుగున కాస్తే ఉంది. ఆయన తన చాయ్ ఫ్లాస్కు కడిగించి, అందులోకి ఆ కాస్తలో కాస్త వంపి, మూడు బీజం పుల్లలు వేసి నా చేతిలో పెట్టాడు. «నీ పట్టిక ఎర్రగ పచ్చగ మంచిగనే ఉన్నదయ్యా. గని నత్రజనికి సదువు రాదు గద» అన్నాడు. నేను బయలుదేరుతుంటే వెనక నుంచి, «మూత బిగియ్యకు, పేలుతది. ఒలకనియ్యకు, సస్తయి. నెమ్మదిగ పో» అన్నాడు.

నన్ను ఎందరో శిక్షించారు గానీ నెమ్మదిగా పొమ్మన్నది ఆయనొక్కడే. మూత వదులుగా ఉన్న ఫ్లాస్కును సంచిలో పెట్టి మెడకు తగిలించుకుని, గుంత కనబడితే దిగి నడుస్తూ, గడ్డం కింద పొగలు కక్కుకుంటూ నేను పోతుంటే చేలల్లో కూలీలు పని ఆపి చూశారు. పొద్దు దిగుతున్నది. ఊరు ఇంకో పావుగంట ఉందనగా దారి నిండా పసుల మంద అడ్డం వచ్చింది. పసులు మర్లే యాళ్ల అని పొద్దున చెప్పింది నేనే కదా, అవి తమ వేళకు తాము మర్లుతున్నాయి. హారన్ కొట్టాను. ఒక ముసలి ఎద్దు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. ఎక్కడా వాటి అడుగు మారలేదు.

నేను చేరేసరికి చీకటి పడబోతున్నది. చట్రం దగ్గర ఎవరూ లేరు. నేల మీద బర్రె గిట్టల గుర్తులు, అటూ ఇటూ చాలాసేపు నిలబడి తిరిగిన గుర్తులు. పక్క అరుగు మీద చిన్నమ్మ మరిది కూర్చుని ఉన్నాడు. «నాలుగు గంటల సంది వదినె నిలవడ్డది. వస్తడు, వస్తడు, చెప్పిన యాళ్ల తప్పడు అనుకుంట నిలవడ్డది. నేను పొమ్మంటే గూడ పోలే. ఇగ కానప్పుడు గోదారి దిక్కు ఊరికి తోలుకపోయింది, దున్న కాడికి» అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సగం దారిలో ఎదురైంది. తాడు చేతిలో పట్టుకుని ముందు ఆమె, వెనక తీరిగ్గా బర్రె. నన్ను చూసి ఆగింది. నేను ఫ్లాస్కు చూపించాను, అదొక్కటే నా దగ్గర ఉన్న సంజాయిషీ. «పరేషాన్ గాకు కొడుకా. దున్న దొరికింది» అని, తాడు చేయి మార్చుకుని, «నువ్వు ఆగుమంటే నేనాగుత, అది ఆగది గద» అన్నది. అంతే. మోపెడ్ నెట్టుకుంటూ వాళ్ల వెనక నడిచాను. ఆ ఉద్యోగంలో ఒక దారిని మొత్తం బర్రె అడుగులతో నడవడం అదే మొదలు. ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు, చూసుకుంటే ఆమె చూస్తుందని.

తరువాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. ఇరవై ఒకటో రోజు ఎద కనబడలేదు. నలభై రెండో రోజూ కనబడలేదు. ఇంకే బర్రె అయినా చూడి నిలిచిందని చాటింపు వేసేవాళ్లం. కానీ, «గిది ఎదకొచ్చినా చెప్పది, రాకున్నా చెప్పది» అన్నాడు మరిది. ఆయన మాటలో తప్పు లేదు. రెండు నెలలు దాటాక ఒక ఆదివారం పొద్దున్నే కొత్త తాడు భుజాన వేసుకుని వచ్చాడు. వీధి చివర అంగడికి పోయే ట్రాలీ నిలబడి ఉంది, ఎవరివో రెండు గొడ్లు అప్పటికే ఎక్కి ఉన్నాయి. డాక్టర్ సారు వచ్చేది బుధవారం. చిన్నమ్మ నా దిక్కు చూసింది.

చేయి పెట్టి చూడడం శిక్షణలో నేర్చుకున్నాను గానీ, మూడు నెలలు నిండని చూడిని పట్టుకోవడం తలపండిన వాళ్ల పని. ఎడమ చేతి గడియారం విప్పి చిన్నమ్మకు ఇచ్చాను, ఆమె రొండిన దోపుకుంది. మోచేతి పైదాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చేయి లోపలికి పెట్టాను. చిన్నమ్మ తోక పట్టుకుంది. ట్రాలీవాడు హారన్ కొట్టాడు. «ఏమాయె డాక్టర్ సాబ్, అంగడి లేస్తది» అన్నాడు మరిది. లోపల వెచ్చని చీకటిలో నా వేళ్లు తడుముకుంటున్నాయి. ఏమీ దొరకకపోయినా చూడిదే అని చెప్పేద్దామని అప్పటికే నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే ఈ ఆదివారం గడుస్తుంది. కానీ ఆమె ఇంకో ఎనిమిది నెలలు ఒక అబద్ధానికి గడ్డి వేస్తుంది. అప్పుడు నాకు ఒకటి తెలిసివచ్చింది, ఇప్పుడు చేయవలసింది తొందరపడకపోవడం ఒక్కటే, నా జన్మలో రానిది అదే. వేళ్లను వాటి మానాన వదిలేశాను. ఎంతసేపో. గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. ఒకటి సన్నగా తగిలింది. రెండోది నీళ్లు నింపిన బుగ్గలాగా, లావుగా, మెత్తగా తగిలింది. మళ్లీ మొదటిదాన్ని చూశాను, మళ్లీ రెండోదాన్ని చూశాను. పట్టి వదిలితే వేళ్ల మధ్య నుంచి, చూడి ఉంటేనే తగిలే పలచని పొర ఒకటి జారింది.

«చూడిది» అన్నాను.

«నిజంగ చెప్తున్నవా, మీ చిన్నమ్మ మొఖం జూసి చెప్తున్నవా?»

ఆమె మొఖం నాకు కనబడటం లేదు, తోక చాటున ఉంది. నిజమే చెప్తున్నానన్నాను. ఆయన భుజం మీది తాడు తీసి దూలానికి వేలాడేసి, ఎట్లాగూ తయారయ్యాను కదా అని మిరపకాయలు తేవడానికి అదే ట్రాలీలో అంగడికి పోయాడు. చిన్నమ్మ నా చేతుల మీద నీళ్లు పోసింది. గడియారం అడగడం నేను మరిచిపోయాను, ఇవ్వడం ఆమె మరిచిపోయింది. మూడు రోజులు ఆరు ఊర్లూ అట్లాగే తిరిగాను, ఏ ఊరూ మునిగిపోలేదు. పట్టికను చింపేంత ధైర్యం నాకు లేకపోయింది. నత్రజనిని మళ్లీ బుధవారానికి మార్చి, మాటల గడిలో ఉన్న మూడు అంకె కొట్టేసి, దాని బదులు ఏమీ రాయకుండా వదిలాను. ఆ చలికాలం పెయ్య దూడ పుట్టింది. జున్ను తిన్నవాళ్లలో అందరికంటే ఎక్కువ తిన్నది మరిదే.

ఈమధ్య ఒక ఆదివారం చిన్నమ్మను చూడడానికి పోయాను. చిన్నబాపు దుబాయి నుంచి ఎప్పుడో వచ్చేశాడు, ఇద్దరికీ మోకాళ్లు పోయాయి, గొడ్డూ గోదా లేవు. కొట్టం ఉన్నచోట కొడుకు కారు నిలుపుకుంటున్నాడు. పాలు పాకెట్టులో ఆరింటికి వస్తాయి, నీళ్లు నల్లాలో ఏడింటికి, గోలీ ఎనిమిదింటికి. మంచానికి ఎదురుగా గోడకు ఇంత పెద్ద గడియారం. «పొద్దు పోతలేదు కొడుకా» అన్నది. తీరిక లేదన్న మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు, తీరిక ఉందన్న మాట కూడా వినలేదు. గంటన్నర మిగులుస్తానంటే అప్పుడు మిగిలిందేడిదని అడిగిన మనిషికి ఇప్పుడు రోజంతా మిగిలిపోయింది. నాకు మాత్రం వారంలో ఏదీ మిగలదు. ఇద్దరిలో ఎవరిది ఎవరికి ఇవ్వాలో, ఎట్లా ఇవ్వాలో ఏ పట్టికా చెప్పదు.

నేను వచ్చినప్పటి నుంచి నాలుగుసార్లు బస్సు సంగతి ఎత్తింది. «యాళ్లయితున్నది, జర సూసుకో, రేపు మళ్ల ఆఫీసు గద.» పని ఉన్న మనిషికి అడ్డం వస్తున్నానేమోనని ఆమెకు ఫికర్. ఆ ఫికర్ ఆమెకు పూర్వం లేదు, మాలాంటి వాళ్ల దగ్గర నుంచే అంటుకుని ఉంటుంది. అయిదో సారి చెప్పినప్పుడు తరువాతి బస్సుకు పోతానన్నాను. ఆమె నమ్మనట్టు చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. ఆమె గోడ దిక్కు, నేను వాకిలి దిక్కు చూస్తూ కూర్చున్నాం. మంచం మీద నుంచి వేలాడుతున్న నా కాలు దాని మానాన అది ఊగుతూనే ఉంది. చిన్నమ్మ కాసేపు చూసి, మోకాలి మీద చేయి వేసి ఆపింది. చేయి తీస్తే మళ్లీ ఊగుతుందని ఆమెకు తెలుసు, అందుకే తీయలేదు.